ఎడమ మోకాలి గార్డు

నా నడుం ఎప్పుడూ విరగలేదు, బెణకలేదు, పట్టెయ్యలేదు. పద్నాలుగేళ్ళ కిందట ఒక హాకీ ఫైనల్లో, ఆట ఇంకో రెండు నిమిషాలుందనగా, "నడుం పట్టేసింది" అని నేనన్న మాట పచ్చి అబద్ధం. ఈ సంగతి నాకొక్కడికే తెలుసు. మా ఆవిడకి కూడా తెలియదు. ఆ అబద్ధం పుణ్యమా అని మా ఇంట్లో బీరువా జరపాలన్నా, మేడ మీదికి నీళ్ళ డబ్బా మొయ్యాలన్నా ఆవిడే. "మీరు ముట్టుకోకండి, మళ్ళీ పట్టేసిందంటే నేను పడలేను" అంటుంది. ఆవిడ మోస్తుంటే నేను తలుపు తీసి పట్టుకుంటాను.

అలాంటివాడికి నలభై ఒకటో ఏట నిజంగానే నడుం నొప్పి పట్టుకుంది. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు, నాకు మాత్రం నవ్వు రాలేదు.

నేను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాను. రోజుకి ఎనిమిది గంటలు పక్క సీట్లో కూర్చోవాలి. నేర్చుకునేవాడు ఎవణ్ణయినా గుద్దుతాడేమోనని నా కాళ్ళ దగ్గర రెండో బ్రేకు ఒకటి ఉంటుంది. దాని మీద కుడి పాదం ఆనీ ఆనకుండా గాల్లో పెట్టుకుని కూర్చుంటాను. పదకొండేళ్ళుగా ఇదే బతుకు. ఈమధ్య పొద్దున్నే లేవాలంటే ముందు పక్కకి దొర్లి, మంచం పట్టె పట్టుకుని, మనసులో ఒక తిట్టు తిట్టుకుని గాని లేవలేకపోతున్నాను.

ఇలా ఉండగా మా పాత క్లబ్బు కెప్టెన్ ఫోన్ చేశాడు. నలభై దాటినవాళ్ళకి హాకీ లీగ్ పెడుతున్నారట. తక్కువపడితే నలభైకి దగ్గర్లో ఉన్నవాళ్ళనీ తీసుకుంటారట.

"ఆరు వారాల టైముంది. ముందు ఒళ్ళు బాగుచేసుకోండిరా బాబూ" అన్నాడు. "ఇన్నేళ్ళు సోఫాల్లో కూర్చుని ఒక్కసారి వంగి స్టిక్కు పట్టారంటే అంబులెన్సులు చాలవు. అందరినీ ఒక కైరోప్రాక్టర్ దగ్గరికి పంపిస్తున్నా. మందులుండవు, సూదులుండవు. చేతుల్తోనే వెన్నుపూసలూ కీళ్ళూ సవరిస్తాడు. ఎవరో చెప్పుకో చూద్దాం?"

"నాకేం తెలుసు?"

"మన స్ప్రింగుగాడే! ఊళ్ళో క్లినిక్ పెట్టి ఏడాదయిందట. నీ మాట ఎత్తగానే ఎగిరి గంతేశాడు. అన్న నడుం నేను చూడకపోతే ఇంకెవరు చూస్తారన్నాడు. సోమవారం నాలుగింటికి నీ వంతు."

వద్దనడానికి సాకు కోసం వెతికాను. నడుం నొప్పిగా ఉంది, రాలేను అనబోయి ఆగిపోయాను. పద్నాలుగేళ్ళలో ఆ సాకు పనికిరాకుండా పోవడం అదే మొదటిసారి.

ఆ ఫైనల్ సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. హాకీలో పెనాల్టీ కార్నర్ అని ఒకటుంటుంది. అవతలివాళ్ళకి అది దొరికితే మేం ఐదుగురం గోల్ గీత మీద నిలబడాలి. వాళ్ళు బంతిని బయటికి నెట్టగానే మాలో ఒకడు, అందరికన్నా ముందు, గోల్ కొట్టబోయేవాడి మీదికి నేరుగా పరుగెత్తాలి. బంతి ఒంటికి తగిలినా సరే, అడ్డం పడాలి. మా జట్టులో ఆ ముందు పరుగు నాది. అందుకే నన్ను 'గోడ' అని పిలిచేవాళ్ళు. ముఖానికి మాస్కు, మోకాళ్ళకి గార్డులు కట్టుకుని పరుగెత్తేవాణ్ణి. గోడ అనిపించుకోవడం నాకు ఇష్టంగానే ఉండేది.

ఆ రోజు అవతలి జట్టులో పొడుగాటివాడొకడు ఉన్నాడు. మొదటి కార్నర్‌లో వాడు విసిరిన బంతి నా చెవి పక్కనుంచి పోయి గోల్ వెనక చెక్కకి తగిలింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. రెండో కార్నర్‌లో నా తొడకి తగిలితే, కాసేపు కాలు ఉందో లేదో తెలియలేదు. స్కోరు రెండూ రెండూ మీద ఉండగా మూడో కార్నర్ వచ్చింది. వాడు ఆ చివర నిలబడి చేతులు తుడుచుకుంటున్నాడు. నాకు భయం వేసింది. దానికి ఇంకో పేరు పెట్టాలని ఇన్నేళ్ళూ చూశాను, కుదరలేదు. చేత్తో నడుం పట్టుకుని, "పట్టేసిందిరా, కదల్లేను" అన్నాను.

పక్కన స్ప్రింగు ఉన్నాడు. అప్పటికి ఇరవయ్యేళ్ళు. ఈల వినపడగానే ఎగిరి ముందుకి దూకుతాడని ఆ పేరు పెట్టింది నేనే.

"నేను పరుగెత్తుతా అన్నా. నువ్వు పోస్టు దగ్గర ఊరికే నిలబడు చాలు" అని నా మాస్కు తీసి పెట్టుకున్నాడు. తర్వాత, "గార్డులియ్యన్నా" అన్నాడు.

గార్డులు విప్పాలంటే వంగాలి. వంగానంటే అబద్ధం అక్కడే తేలిపోతుంది. నేను కర్రలా నిలబడ్డాను. వాడే నా కాళ్ళ దగ్గర కూలబడి పట్టీలు విప్పడం మొదలుపెట్టాడు. కుడి గార్డు ఊడింది. ఎడమదాని పట్టీ ఇరుక్కుపోయింది. వాడు గోళ్ళతో లాగుతున్నాడు, నేను పైనుంచి చూస్తున్నాను. అంపైరు "కానివ్వండి, కానివ్వండి" అని అరిచాడు. వాడు దొరికిన ఒక్క గార్డూ కుడి కాలికి కట్టుకుని పరుగెత్తాడు.

బంతి వాడి ఎడమ మోకాలి చిప్పకి తగిలింది. తగిలి, పక్కకి తిరిగి, గోల్లోకి పోయింది.

మ్యాచ్ పోయింది. చిప్ప మూడు ముక్కలయింది. రెండు ఆపరేషన్ల తర్వాత వాడు నడవగలిగాడు గాని మళ్ళీ స్టిక్కు పట్టలేదు. నేను ఆస్పత్రికి చూడటానికి వెళ్ళాను. నడుం పట్టుకునే వెళ్ళాను మరి. వాళ్ళమ్మ నన్ను చూసి, ఉన్న ఒక్క కుర్చీలోంచీ లేచి, "నువ్వు కూర్చో నాయనా, నీకసలే నడుం నొప్పి" అంది. కూర్చున్నాను.

ఎడమ గార్డు నా కాలికే ఉండిపోయింది. ఫైనల్ రోజు ఇంటికొచ్చి, గదిలో తలుపేసుకుని, హాయిగా వంగి విప్పుకున్నాను.

*

క్లినిక్ ఒక మందుల షాపు పైన రెండు గదులు. ముందు గదిలో నాలుగు కుర్చీలు, ప్లాస్టిక్ వెన్నెముక వేలాడే స్టాండు, ఫైళ్ళు సర్దుతున్న రిసెప్షన్ అమ్మాయి. ఆ అమ్మాయి నాకొక ఫారం ఇచ్చింది. ఉద్యోగం, నిద్ర, ఎక్కడ నొప్పి, ఎప్పట్నుంచి. అన్నీ రాశాను. 'గతంలో తగిలిన గాయాలు' అన్నచోట పెన్ను ఆగిపోయింది. లేవు అని రాస్తే బాగుంటుందని అనుకున్నాను. ఆ రెండక్షరాలు రాసేస్తే అక్కడితో పోయేది. ఖాళీగా వదిలేశాను.

లోపలి తలుపు తెరుచుకుని ఒక పెద్దావిడ వచ్చింది. వెనకాలే స్ప్రింగు, ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ. "మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోండి, తొందరపడకండి" అని ఆవిడకి చెప్పి, ఇటు తిరిగి నన్ను చూశాడు. రెండు అంగల్లో వచ్చి కౌగిలించుకున్నాడు. నడుం తగలకుండా జాగ్రత్తగా, భుజాలు మాత్రమే.

"ఏమ్మా, నేను చెప్పానే, ఆ అన్న ఈయనే" అన్నాడు రిసెప్షన్ అమ్మాయితో. ఆ అమ్మాయి లేచి నిలబడింది! నాకు తల కొట్టేసినట్టయింది.

వాడు నా చేతిలో ఫారం తీసుకుని చూశాడు. "అదేంటన్నా, ఇది ఖాళీగా వదిలేశావ్? అసలుది ఇదే కదా. ఉండు, నేను రాస్తా." రాశాడు. నడుం కింద, ఎడమవైపు, ఫైనల్ రోజు, సంవత్సరం. ఎడమవైపని వాడికెలా గుర్తో! నేనాపూట ఏ చెయ్యి ఎక్కడ పెట్టానో నాకే గుర్తులేదు.

తర్వాత స్కూలు యూనిఫాంలో ఒక పరుగు పందేల పిల్ల వచ్చింది. "మీరు ఐదు నిమిషాలు కూర్చోండి" అన్నాడు దాంతో. పద్నాలుగేళ్ళ పిల్లని మీరు అంటున్నాడని నేను నవ్వాను.

"మా గురువుగారి నియమం అన్నా. బల్ల మీద పడుకునేవాళ్ళెవరైనా సరే, నువ్వు అనకూడదు. ఒళ్ళు మనకి అప్పగించి పడుకుంటారు కదా, మర్యాద తప్పకూడదంటారు ఆయన" అన్నాడు. "నీకొక్కడికే మినహాయింపు."

లోపలి గదిలో ముందు కొలతలు తీశాడు. నిటారుగా నిలబడి, మోకాళ్ళు వంచకుండా, వేళ్ళు నేలకి ఎంతవరకూ వెళ్తే అంతవరకూ వంగాలి. నేలకీ వేళ్ళకీ మధ్య దూరం టేపు పెట్టి రాసుకుంటాడు. వాడికి గొంతుక్కూర్చోవడం కుదరదు. పొట్టి స్టూలు మీద కూర్చుని, వంగని ఎడమ కాలు ముందుకి బారజాపుకుని కొలుస్తాడు. నేను సగం దాకా వంగి ఆగిపోయాను. నొప్పికి కాదు. ఇంకో జానెడు వంగగలను. జనం ముందు అక్కడ ఆగడం అలవాటైపోయింది, అంతే.

"ఇరవై ఆరు సెంటీమీటర్లు" అని రాసుకుని, "పాపం, ఎంత బిగిసిపోయావన్నా" అన్నాడు.

బల్ల మీద బోర్లా పడుకోబెట్టాడు. తలవైపు ముఖం పెట్టుకోవడానికి ఒక బెజ్జం ఉంటుంది. అందులోంచి నేల ఒక్కటే కనపడుతుంది. నేల మీద వాడి బూట్లు తిరుగుతుంటాయి. ఎడమ బూటు లోపలి అంచు అరిగిపోయి ఉంది, కుడిది కొత్తదానిలా ఉంది. ఆరు వారాలూ నేను చూడబోయేది ఈ బూట్లేనని అర్థమై, కళ్ళు మూసుకున్నాను.

చేతులు మాత్రం మంచి చేతులు. మాట్లాడుతూనే పని చేశాయి. "హాకీవాళ్ళ ఒళ్ళు ఒకే పక్కకి మెలితిరిగి ఉంటుందన్నా. స్టిక్కు ఎప్పుడూ కుడివైపే కదా. వంగేదీ అటే, తిరిగేదీ అటే. సీజన్ ముందు ఆ మెలిక వదిలించుకోవాలి. తుంటి తిరగాలి, వీపు పైభాగం తిరగాలి. అవి తిరక్కపోతే భారమంతా నడుం మీద పడుతుంది." వీపు మీద ఒక చోట చటుక్కున నొక్కాడు. టక్‌మంది. "ఎముక కాదు, భయపడకు. కీలులో గాలి బుడగ. దానికే అందరూ మురిసిపోతారు. అసలు మందు నేనిచ్చే మూడు వ్యాయామాలు. పొద్దునా సాయంత్రం చెయ్యాలి."

నడుం కింద ఎడమవైపుకి వచ్చేసరికి చేతులు తేలికైపోయాయి. "ఇక్కడ మాత్రం నేను ఒత్తను. పాత గాయం ఉన్న చోటు. నువ్వు ఆ రోజు పడ్డ బాధ చూసినవాణ్ణి" అన్నాడు.

*

మా ఆవిడ ఆ మూడు వ్యాయామాలనీ కాగితం చూసి బట్టీ పట్టింది. పొద్దున్నే వంటింట్లోంచే లెక్కపెట్టేది. ఎనిమిది అని నేనంటే, ఆరే అయ్యాయి అని లోపల్నుంచి వినపడేది. స్ప్రింగంటే ఆవిడకి ఎక్కడలేని గౌరవం వచ్చేసింది. "చూడండి, అంత దెబ్బ తిని కూడా మీ మీద ఎంత ప్రేమో. ఇంకొకళ్ళయితే మీ ముఖం చూసేవాళ్ళా?" అంది. నేను పళ్ళు తోముకుంటున్నాను. తోముతూనే ఉండిపోయాను.

రెండో వారంలో అటక మీంచి నా హాకీ సంచీ దించింది. నన్ను ఎక్కనివ్వలేదు, తనే స్టూలెక్కింది. షూలు, మేజోళ్ళు, వాటి కింద గార్డు. దుమ్ము దులిపి, ఎండలో పెట్టి, తిరగేసి చూసింది.

"ఒకటే ఉందేంటండీ? రెండోదేదీ?"

"పోయింది."

"ఎక్కడ పోయింది? జతలో ఒకటే ఎలా పోతుంది?"

"ప్రతిదానికీ పోలీసు విచారణ ఏంటే నీకు!" అని కసిరాను. ఆవిడ చిన్నబుచ్చుకుని గార్డు మళ్ళీ సంచీలో పెట్టేసింది. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. ఆవిడ కోపంలో న్యాయం ఉంది. మధ్యాహ్నమంతా కార్లో కూర్చుని చెప్పేద్దామనుకున్నాను. నేర్చుకునేవాడు యూ టర్న్ దగ్గర కంగారుపడి ఆపేస్తే, వాణ్ణి అనవసరంగా తిట్టాను.

ఇంటికొచ్చాక చెప్పలేదు. తనకి చెప్తే, ముందు వాడికి చెప్పారా అని అడుగుతుందని తెలుసు.

*

మూడో వారం. ఐదోసారి క్లినిక్కి వెళ్ళాను. మిగతా జట్టంతా గంతులేస్తోంది. కెప్టెన్ మెడ ఇప్పుడు రెండు పక్కలా తిరుగుతోందట, దారినపోయేవాళ్ళకి కూడా తిప్పి చూపిస్తున్నాడు. నాకు కొంచెం తేలికయింది గాని, పొద్దున మంచం పట్టె పట్టుకోవడం తప్పలేదు.

స్ప్రింగు ఆ రోజు ఎక్కువ మాట్లాడలేదు. బోర్లా పడుకున్న నా వీపు మీద చేతులు పెట్టి, అటూ ఇటూ వెతికాడు. ఎడమవైపు వేళ్ళ కొసలతో తడిమాడు, వదిలేశాడు, మళ్ళీ తడిమాడు.

"అన్నా, నీకొకటి చెప్పాలి. నాకు ఆ గాయం దొరకట్లేదు" అన్నాడు.

నేను బల్ల అంచు పట్టుకున్నాను.

"కుడి తుంటి పైకి లాక్కుపోయి ఉంది. అది నాకు తెలుస్తోంది. నీ రెండో బ్రేకు వల్ల వచ్చిందే అది. కానీ ఎడమవైపు, అంత గట్టిగా పట్టేసిన చోట ఏదో ఒక బిగువుండాలి కదా, నా చేతికి ఏమీ తగలట్లేదు. మొన్న మా గురువుగారికి ఫోన్ చేశా. నీ చేతికి తెలియకపోతే ఒత్తకు, స్కానుకి పంపించు, అప్పటిదాకా ఆ మనిషిని ఆడనివ్వకు అన్నారు. కెప్టెన్‌కి లెటర్ టైపు చేశాన్నా. ఈ సీజన్ నువ్వు బయట కూర్చోవాలి."

"బయటా?"

"నాకూ బాధగానే ఉంది. ఏడేళ్ళ నుంచి చేస్తున్నా ఈ పని. ఎవరెవరివో నడుములు బాగయ్యాయి. నీ నడుం దగ్గరికొచ్చేసరికి నా చేతులు పనికిరాకుండా పోతున్నాయి. ఇది నేనెందుకు నేర్చుకున్నానో నీకెప్పుడూ చెప్పలేదు కదూ? ఆస్పత్రిలో పడుకుని ఒకటే అనుకునేవాణ్ణి. ఆ రోజు అన్న నడుం పట్టెయ్యకపోతే అన్నే పరుగెత్తేవాడు, అన్నైతే ఆపేవాడు. నేను పరుగు తప్పు తీశాను. నా కాలికి తగిలి గోల్ అయింది. నా వల్లే మ్యాచ్ పోయింది. సీజన్ ముందే నీ నడుం చూసేవాడు ఒకడుండుంటే అదంతా జరిగేదే కాదు. నేనే అలాంటివాణ్ణయితే అనుకున్నా. అలా వచ్చానన్నా ఇందులోకి."

బెజ్జం కింద వాడి బూట్లు పక్కపక్కనే ఉన్నాయి. నేను వాటినే చూస్తున్నాను. నా అబద్ధం వాడి మోకాలు తీసుకుందని మాత్రమే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఓటమి కూడా తనదేనని వాడు పద్నాలుగేళ్ళుగా మోస్తున్నాడు. ఇప్పుడు చేతుల మీద నమ్మకం కూడా పోగొట్టుకుంటున్నాడు. ఆ చేతులు మొదటి రోజునుంచీ నిజమే చెప్తున్నాయి. నా మాట మీద గౌరవంతో వాడు వాటిని నమ్మడం మానేశాడు.

ఇది విని నోరు తెరిచానని చెప్పుకుంటే బాగుంటుంది. కానీ అందులో కొంత ఆ లెటరు కూడా ఉంది. బయట కూర్చోవాలన్న మాట వినగానే నాకు రోషం వచ్చింది. సిగ్గు లేదంటే ఇదే కాబోలు.

"పాత గాయం లేదురా" అన్నాను.

"ఏంటన్నా?"

"ఆ రోజు నడుం పట్టెయ్యలేదు. నాకేం కాలేదు. ఆ పొడుగాటివాణ్ణి చూసి భయమేసింది. అబద్ధమాడాను."

లేచి కూర్చుని, వాడి ముఖం చూసి చెప్పాల్సింది. ఆ ధైర్యం కూడా లేక, బోర్లా పడుకుని, బెజ్జంలోంచి నేలకి చెప్పాను.

వీపు మీంచి చేతులు లేచిపోయాయి. బూట్లు కదల్లేదు. ముందు గదిలో ఫోన్ మోగితే రిసెప్షన్ అమ్మాయి ఎవరికో బుధవారం పదకొండింటికి రమ్మని చెప్పి పెట్టేసింది. అప్పటికీ బూట్లు కదల్లేదు.

"అయితే ఆ రోజు వంగగలిగేవాడివే" అన్నాడు చివరికి.

"ఆఁ."

"పట్టీ ఇరుక్కుంటే నేను గోళ్ళతో లాగుతున్నా. నువ్వు పైనుంచి చూస్తున్నావ్."

"ఆఁ."

"మా అమ్మ నీకు కుర్చీ ఇచ్చింది."

దానికి నేను ఆఁ కూడా అనలేకపోయాను.

"ఇన్నేళ్ళలో ఏ రోజైనా చెప్పుండొచ్చు. ఇవాళ చెప్తున్నావ్. ఆడనివ్వనని లెటర్ రాశాక."

బూట్లు దూరంగా వెళ్ళాయి. మూలనున్న సింకులో నీళ్ళు చాలాసేపు పడ్డాయి. తువ్వాలుతో చేతులు తుడుచుకున్న చప్పుడు వినపడింది. తిట్టుంటే బాగుండేది. బల్ల మీంచి కిందికి లాగి ఒకటిచ్చుకున్నా బాగుండేది. అందుకు సిద్ధంగా ఒళ్ళు బిగబట్టుకుని పడుకున్నాను.

చేతులు తిరిగి వచ్చాయి. ఇన్నాళ్ళూ ముట్టుకోని చోట, నడుం కింద ఎడమవైపు, అరచెయ్యి ఆనింది. కోపం ఉంటుందేమోనని వెతికాను. లేదు. ఇంతకుముందు ఎంత జాగ్రత్తో ఇప్పుడూ అంతే జాగ్రత్త.

"ఇక్కడ ఒత్తుతున్నాను. నొప్పిగా ఉంటే చెప్పండి" అన్నాడు.

నేను ముందు సరిగ్గా వినలేదేమో అనుకున్నాను.

"ఊపిరి తీసుకోండి. ఇప్పుడు వదలండి."

ఒత్తాడు. కుడి తుంటి దాకా ఏదో వదులైంది. ఆర్నెల్లుగా బిగుసుకుపోయిన చోట ప్రాణం హాయిగా ఉంది. ఆ సమయంలో హాయిగా ఉండటం ఎంత సిగ్గుచేటో నాకు తెలుస్తూనే ఉంది, ఒంటికి మాత్రం తెలియలేదు. అది తన పాటికి తను సుఖపడింది. కన్నీళ్ళు ముక్కు చివర నుంచి నేల మీద పడ్డాయి. వాడి బూటు పక్కనే పడ్డాయి. చూశాడో లేదో తెలియదు.

"పక్కకి తిరిగి, నెమ్మదిగా లేవండి."

లేచి కూర్చున్నాను. వాడు నా ఫారం తీసి, తన చేత్తో రాసుకున్న పాత గాయం మీద అడ్డంగా గీత కొట్టాడు. కంప్యూటర్లో లెటర్ తీసేశాడు. "మీరు ఆడొచ్చు. కుడి తుంటికి ఇంకో నాలుగుసార్లు రావాలి. కార్లో ప్రతి గంటకీ దిగి నడవండి" అన్నాడు. ముఖం మామూలుగానే ఉంది. మొదటి రోజు ఆ పెద్దావిడకి మెట్ల సంగతి చెప్పినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

"ఒరేయ్, నేను…" అన్నాను.

"కొలత ఒకటి మిగిలింది. నిలబడండి."

పొట్టి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఎడమ కాలు ముందుకి బారజాపాడు. టేపు తీసుకుని ఎదురుచూస్తున్నాడు.

వంగాను. ఎప్పుడూ ఆగే చోటికి వచ్చి, అలవాటు చొప్పున ఆగిపోయాను. నా కళ్ళకి ఎదురుగా వాడి ఎడమ మోకాలు ఉంది. ప్యాంటు బట్ట కింద చిప్ప ఒక పక్కకి నొక్కుకుపోయి ఉండటం తెలుస్తోంది.

"ఇంకా వంగగలరు" అన్నాడు.

వంగాను. నొప్పి ఉంది, అయినా వంగాను. వేళ్ళు నేలకి తగిలాయి, వాడి బూటుకి బెత్తెడు దూరంలో. వాడు టేపు విప్పకుండానే జేబులో పెట్టుకుని, కాగితం మీద సున్నా అని రాసుకున్నాడు. లేచి కాలీడ్చుకుంటూ వెళ్ళి తలుపు తీశాడు. "తర్వాత ఎవరండీ, రండి" అని పిలిచాడు.

నేనింకా వంగే ఉన్నాను.